ధైర్యం చెప్పడం వైద్యం కాదు



ఉద్యోగం పోయిన మనిషికి మన సమాజం ఇచ్చే మొదటి మందు మాట. "ధైర్యంగా ఉండు బిడ్డా", "నారు పోసినవాడు నీరు పోయడా", "కాళ్ళు చేతులు మంచిగున్నయి, ఏదో ఒకటి చేసుకుంటే బతకమా" అంటూ బంధుమిత్రులు వరుసగా వచ్చి చెప్పి వెళ్తారు. కామారెడ్డిలో చాయ్ దుకాణం ముందైనా, ఎల్లారెడ్డిలో పెళ్ళి పందిట్లోనైనా వినబడేవి ఇవే మాటలు. రెండు నెలలు గడిచేసరికి స్వరం మారుతుంది. "ఇంకెన్ని దినాలు ఇంట్ల కూసుంటవ్?" అన్న ప్రశ్న మొదలవుతుంది. ఓదార్పుగా ఆరంభమైనది నిందగా ముగుస్తుంది. నిజానికి ఆ నింద మొదటి మాటలోనే ఉంది. ధైర్యం ఉంటే బయటపడతావని చెప్పడమంటే, బయటపడలేకపోతే నీకు ధైర్యం చాలలేదని చెప్పడమే.

ఈ ధోరణిని నేను వ్యతిరేకిస్తున్నాను. ఉద్యోగం పోవడం రక్తపోటును, నిద్రను, గుండెను, ఆయుష్షును దెబ్బతీసే సంఘటన. దానిని ప్రజారోగ్య సమస్యగా చూడాలి. ఊరిలో కలరా సోకితే "ధైర్యంగా ఉండండి" అని చెప్పి ఊరుకోము. నీటిని పరీక్షిస్తాము, క్లోరిన్ కలుపుతాము, ఆరోగ్య సిబ్బందిని ఇంటింటికీ పంపుతాము. ఒక కర్మాగారం మూతపడినప్పుడు, ఒక్క ప్రకటనతో వేలమంది పని పోయినప్పుడు మాత్రం భారమంతా బాధితుడి గుండె దిటవు మీద వేసి చేతులు దులుపుకుంటున్నాము. ఇది వైద్యం కాదు. న్యాయం అంతకంటే కాదు.

శరీరం ముందుగా చెబుతుంది

"పని పోయింది డాక్టరు గారూ, మనసు బాగుండడం లేదు" అని చెబుతూ ఆసుపత్రికి వచ్చే మగవారు బహు అరుదు. వారు "గ్యాస్ ట్రబుల్" అంటారు. "ఛాతీ పట్టేసినట్టుంది", "తల దిమ్ముగుంది", "నిద్ర పడతలేదు", "ఒళ్ళంతా గుంజుతుంది" అంటారు. వీటిలో ఏదీ నటన కాదు. భయం కలిగినప్పుడు శరీరం అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను విడుదల చేస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటు పెరుగుతుంది, రక్తంలోకి చక్కెర చేరుతుంది. ఎదురుగా పాము కనబడినప్పుడు ఈ ఏర్పాటు ప్రాణం కాపాడుతుంది, పాము వెళ్ళిపోగానే శాంతిస్తుంది. అప్పు వాయిదా, పిల్లల ఫీజు, కిరాణా ఖాతా పాము వంటివి కావు. అవి వెళ్ళిపోవు. కనుక ఆ ఉద్రేకం నెలల తరబడి కొనసాగుతుంది. తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వస్తుంది. అప్పటివరకు అదుపులో ఉన్న బీపీ, షుగరు అదుపు తప్పుతాయి.

ఇటువంటి మనిషికి మన దగ్గర జరిగే చికిత్స ఏమిటి? ఒక ఆమ్లహర మాత్ర, ఒక బీ కాంప్లెక్స్ సూది. ప్రైవేటు క్లినిక్ అయితే అదనంగా ఒక సెలైన్ సీసా. ఓపీ చీటీ మీద పేరు, వయసు, ఊరు, బీపీ, షుగరు రాస్తారు. "పని ఉన్నదా, పోయిందా?" అని రాసుకొనే చోటు దానిమీద ఉండదు. రోగానికి మూలమైన ప్రశ్నను అడగకుండానే రోగి ఇంటికి తిరిగి వెళ్ళిపోతాడు.

ఇంకొక ప్రమాదం కంటికి కనబడనిది. ఆదాయం ఆగిపోయిన ఇంట్లో పెద్దమనిషి మొదట తగ్గించేది తన మందుల ఖర్చునే. పిల్లల చదువు ఆపడు, తల్లికి కంటి చుక్కలు ఆపడు. తనకు నొప్పి ఏమీ లేదు గనుక బీపీ మాత్ర ఆపుతాడు. రక్తపోటు నొప్పి లేకుండానే మెదడులో రక్తనాళాన్ని చిట్లించగలదు. పక్షవాతం వచ్చిన తరువాత బంధువులు "రంది పెట్టుకుని పడిపోయిండు" అంటారు. రంది నిజమే. మాత్ర ఆగిపోవడం కూడా నిజమే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ మాత్రలు ఉచితంగా దొరుకుతాయని ఆ ఇంటికి ఎవరూ చెప్పకపోవడం మూడవ నిజం.

ఇది ఒక వైద్యుని అభిప్రాయం మాత్రమే అనుకోవద్దు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో దీర్ఘకాలం ఒకే సంస్థలో పనిచేసి ఉద్యోగం కోల్పోయిన పురుషుల రికార్డులను సలివాన్, వాన్ వాక్టర్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించి 2009లో ప్రచురించారు. ఉద్యోగం పోయిన వెంటనే వచ్చే ఏడాదిలో వారి మరణ ముప్పు 50 నుంచి 100 శాతం అధికమైంది. 20 ఏళ్ళ తరువాత కూడా అది 10 నుంచి 15 శాతం ఎక్కువగానే ఉంది. 40 ఏళ్ళ వయసులో ఉద్యోగం కోల్పోయిన వ్యక్తి ఆయుర్దాయంలో 1 నుంచి 1.5 సంవత్సరాల నష్టం ఉంటుందని వారి అంచనా. ఒక వైరస్ ఇంత హాని చేస్తే మనం జిల్లాకొక ప్రత్యేక విభాగం తెరిచి ఉండేవాళ్ళం.

మన దేశం లెక్కలు చూడండి. జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదిక ప్రకారం 2021లో దేశంలో 1,64,033 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 42,004 మంది రోజుకూలీలు, అంటే నలుగురిలో ఒకరు. రేపటి పని ఉంటుందో లేదో తెలియని బతుకు వారిది. ఈ నలభై రెండు వేల మందికీ ధైర్యం లేకపోయిందని అనగలమా?

పోయేది జీతం ఒక్కటే కాదు

ఉద్యోగం పోవడమంటే డబ్బు రాకపోవడమేనని చాలామంది భావిస్తారు. ఆ భావన ఎంత అసంపూర్ణమో తొంభై ఏళ్ళ క్రితమే తేలింది. ఆస్ట్రియా దేశంలో వియన్నా నగరానికి సమీపాన మారియెన్‌థాల్ అనే చిన్న ఊరు ఉంది. ఊరంతటికీ ఆధారమైన బట్టల మిల్లు 1929, 30 సంవత్సరాలలో మూతపడింది. మేరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైజెల్ అనే పరిశోధకులు అక్కడి జీవితాన్ని పరిశీలించి 1933లో పుస్తకంగా వెలువరించారు. పని లేదు గనుక తీరిక దొరికింది, తీరిక దొరికింది గనుక గ్రంథాలయానికి జనం పోటెత్తుతారని ఎవరైనా ఊహిస్తారు. జరిగింది అందుకు విరుద్ధం. పుస్తకాలు ఉచితంగా ఇస్తామన్నా తీసుకెళ్ళేవారి సంఖ్య పడిపోయింది. మగవారు వీధిలో మునుపటికన్న నెమ్మదిగా నడిచారు, మాటిమాటికీ ఆగిపోయారు. చాలామంది చేతి గడియారం పెట్టుకోవడమే మానేశారు. సమయం తెలుసుకొని చేయవలసిన పని ఏదీ లేనప్పుడు గడియారం ఎందుకు?

పని మనిషికి జీతంతో పాటు మరో ఐదింటిని ఇస్తుందని యహోదా అనంతరకాలంలో వివరించారు. రోజుకు ఒక క్రమం, ఇంటి బయటి మనుషుల సాంగత్యం, పదిమందితో కలిసి ఒక ప్రయోజనం సాధిస్తున్నామన్న భావం, సంఘంలో ఒక స్థానం, చేతులకు నిత్యం ఒక పని. ఉద్యోగం పోయిన నాడు ఈ ఐదూ ఒకేసారి పోతాయి.

మన ఊళ్ళకు అన్వయించి చూడండి. తెల్లవారుజామున టిఫిన్ డబ్బా పట్టుకొని డిపోకు బయలుదేరే బస్సు డ్రైవరుకు ఖాకీ చొక్కా ఒక గౌరవం. కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి వెళ్ళే దారిలో అతనిని పేరు పెట్టి పలకరించేవారు ఊరికి పదిమంది. ప్రైవేటు బడిలో పాఠం చెప్పే యువకుడిని తండ్రి వయసువారు కూడా "సారూ" అని పిలుస్తారు. దుబాయి నుంచి సెలవు మీద వచ్చినవాడికి వాకిట్లో కుర్చీ వేస్తారు. కంపెనీ తీసివేస్తే తిరిగి వచ్చినవాడిని "మళ్ళా ఎప్పుడు పోతున్నవే?" అని అడుగుతారు. వీసాకని నూటికి రెండు, మూడు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు ఇంకా తీరకముందే ఆ ప్రశ్న అతడిని వీధి మార్చి నడిచేలా చేస్తుంది. అతడు దాక్కుంటున్నది అప్పులవారి నుంచి మాత్రమే కాదు, పలకరింపు నుంచి కూడా. అటువంటివాడికి "డబ్బుదేముంది, ఈరోజు పోతే రేపు వస్తది" అని చెప్పడం గాయం ఒకచోట ఉంటే కట్టు ఇంకొకచోట కట్టడం.

ధైర్యం మాట ఎవరికి అనుకూలం?

బాధితుడి ధైర్యం గురించి మాట్లాడుతున్నంతసేపు పని తీసివేసినవారి గురించి మాట్లాడనవసరం లేదు. అందుకే ఈ ధైర్యం మాట కొందరికి ఎంతో అనుకూలమైనది. మన పరిసరాలలోనే జరిగిన కొన్ని ఉదంతాలను గుర్తు చేస్తాను.

మన జిల్లాలోని నిజాంసాగర్ నీటితో పెరిగిన చెరకు, 1937లో బోధన్‌లో స్థాపించిన నిజాం చక్కెర కర్మాగారానికి ప్రాణం పోసింది. ఒకనాడు ఆసియాలోనే పెద్దదిగా పేరొందిన ఆ సంస్థలో 51 శాతం వాటా 2002లో ప్రైవేటు చేతికి వెళ్ళింది. 2015 డిసెంబరు 23న బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లకు లేఆఫ్ ప్రకటించారు. లేఆఫ్ అన్న మాటను వైద్యుని దృష్టితో చూడండి. ఉద్యోగం తీసివేయలేదు, పని మాత్రం లేదు. ఫ్యాక్టరీ చచ్చిపోలేదు, బతికీ లేదు. మనిషి పోతే ఇంటివారు ఏడ్చి, కర్మ చేసి, మెల్లగా కుదుటపడతారు. మనిషి తప్పిపోతే ఏళ్ళ తరబడి గుమ్మం వైపే చూస్తూ ఉంటారు. లేఆఫ్ ఆ రెండవ రకం దుఃఖం. తెరుస్తారన్న ఆశ ఉన్నంతవరకు వేరే పని మీద మనసు నిలవదు. ఎన్నికల వేళ తెరిపిస్తామన్న హామీ వినబడినప్పుడల్లా ఆ గుమ్మం వైపు చూపు మళ్ళుతుంది. ఈ దుఃఖాన్ని సృష్టించింది కార్మికుల పిరికితనం కాదు.

2019 అక్టోబరు 5న ఆర్టీసీ కార్మికులు సమ్మె ప్రారంభించారు. గడువులోగా విధులకు రానివారు తమంతట తామే ఉద్యోగాలు వదులుకున్నట్లు ప్రభుత్వం ప్రకటించింది. దాదాపు 48 వేల కుటుంబాలు ఒక్క సాయంత్రంలో ఆ మాట విన్నాయి. కామారెడ్డి, బాన్సువాడ డిపోల కార్మికులూ అందులో ఉన్నారు. సమ్మె 52 రోజులు సాగింది. సెప్టెంబరులో పనిచేసిన జీతం కూడా ఆ రోజులలో చేతికి అందలేదు. రాష్ట్రంలో కొందరు కార్మికులు ఆత్మహత్య చేసుకున్నారు, మరికొందరు గుండెపోటుతో కన్నుమూశారు. నవంబరు చివర అందరినీ తిరిగి విధులలోకి తీసుకున్నారు. సమ్మె న్యాయమా, కాదా అన్న చర్చలోకి నేను వెళ్ళను. నా ప్రశ్న వేరు. 48 వేల మంది ఉద్యోగాలు పోయాయని చెప్పిన సాయంత్రం నుంచి తిరిగి రమ్మన్న రోజు వరకు, డిపో దగ్గర ఒక్క బీపీ మిషను, ఒక్క కౌన్సెలర్ ఉండాలన్న ఆలోచన అధికారులలోగాని, సంఘాలలోగాని, మా వైద్యులలోగాని ఎందుకు రాలేదు? డిపోల చుట్టూ పోలీసులను మోహరించాలన్న ఆలోచన మాత్రం వెంటనే వచ్చింది.

2020లో సమ్మె చేసిన ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్లను, రాష్ట్రమంతటా 7 వేలకు పైగా ఉన్నవారిని, విధుల నుంచి తప్పించారు. తిరిగి తీసుకున్నది 2022లో. ఊరిలో పదిమందికి పని చూపినవారికే రెండేళ్ళు పని లేకపోయింది. అదే కాలంలో కరోనా వల్ల బడులు మూతపడి ప్రైవేటు ఉపాధ్యాయుల జీతాలు ఆగిపోయాయి. డిగ్రీలు, బీఈడీలు చదివినవారు కూరగాయలు అమ్మారు, అరటిపండ్ల బండ్లు పెట్టుకున్నారు. 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం వారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. అది చిన్న సహాయమే. అయినా దానిని నేను మెచ్చుకుంటాను. పని పోవడం ప్రభుత్వం పట్టించుకోదగిన విషయమని అది ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలు విపత్తు వేళకే పరిమితం కాకూడదన్నదే నా వాదన.

"అందరూ కూలిపోలేదు కదా?"

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. "ఒకే రోజు పని పోయిన ఇద్దరిలో ఒకరు నిలదొక్కుకున్నారు, మరొకరు కూలిపోయారు. తేడా ధైర్యంలోనే ఉంది కదా?" అని అడుగుతారు. దగ్గరికి వెళ్ళి చూడండి. నిలదొక్కుకున్నవాడికి రెండెకరాల పొలం ఉంటుంది, లేదా భార్యకు ఆదాయం ఉంటుంది, లేదా మిత్తి లేకుండా చేబదులిచ్చే బావమరిది ఉంటాడు. కూలిపోయినవాడికి ఇవేవీ ఉండవు. ఆధారం ఉన్నవాడి నిబ్బరానికి ధైర్యమని పేరు పెట్టాము. ఆధారం లేనివాడి వణుకుకు పిరికితనమని పేరు పెట్టాము.

దీనికి సాక్ష్యం ఉంది. 1970 నుంచి 2007 వరకు 26 ఐరోపా దేశాల లెక్కలను పరిశీలించిన అధ్యయనం 2009లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. నిరుద్యోగం ఒక శాతం పెరిగితే 65 ఏళ్ళలోపు వారిలో ఆత్మహత్యలు 0.79 శాతం పెరిగాయి. పని వెతికిపెట్టడానికి, కొత్త పని నేర్పడానికి ఎక్కువ ఖర్చు చేసిన దేశాలలో ఆ ప్రభావం తగ్గింది. శ్రీలంకను చూడండి. అత్యంత విషపూరితమైన పురుగుమందులను దశలవారీగా నిషేధించిన తరువాత అక్కడి ఆత్మహత్యల రేటు 1995 నాటి స్థాయి నుంచి సగానికి పైగా పడిపోయింది. ఆ దేశ ప్రజలకు హఠాత్తుగా ధైర్యం పెరిగిందా? లేదు. ప్రాణాంతకమైన వస్తువు చేతికి అందకుండా పోయింది. ఏర్పాటు మారితే ప్రాణాలు నిలుస్తాయి.

"ఏదో ఒక పని చేసుకోవచ్చు కదా" అనేది రెండవ అభ్యంతరం. చాలామంది చేసుకుంటూనే ఉన్నారు. అయితే పాతికేళ్ళు యంత్రం నడిపిన మనిషిని యాభై ఏట మూటలు మోయమనేటప్పుడు, అతని మోకాళ్ళు, నడుము, గుండె అందుకు సిద్ధంగా ఉన్నాయా అని ఎవరైనా పరీక్షించారా? పని మార్చుకోవడం తప్పు కాదు. నేర్పకుండా, పరీక్షించకుండా, అవమానించి మార్పించడం తప్పు.

కల్లు, మాత్రలు, బీడీల చేట

పని పోయిన ఇంట్లో రెండు మార్పులు నిశ్శబ్దంగా వస్తాయి. మొదటిది, సాయంత్రం తాగేవాడు పొద్దున తాగడం మొదలుపెడతాడు. మన ప్రాంతంలో ఇది మరింత ప్రమాదకరం. ఇక్కడ కల్లు పేరుతో అమ్మేదానిలో అల్ప్రాజోలామ్, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుతున్నారన్నది పదేపదే బయటపడిన విషయం. 2025 ఏప్రిల్‌లో మన జిల్లా నస్రుల్లాబాద్ మండలంలో కల్తీ కల్లు తాగి పదుల మంది ఆసుపత్రి పాలయ్యారు. నిద్ర పట్టనివాడికి ఆ మత్తు మొదట మందులాగే తోస్తుంది. కొన్ని వారాలకు అది లేనిదే చేతులు వణుకుతాయి. ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, మతి చలించినట్లు ప్రవర్తించవచ్చు. అందుచేత "రేపటి నుంచి బంద్" అని ఇంట్లో ఒట్టు వేయించకండి. వైద్యుని పర్యవేక్షణలో క్రమంగా మాన్పించాలి.

రెండవ మార్పు ఆడవారి ఒంటి మీద కనబడుతుంది. మగవాడి జీతం ఆగిన నాటి నుంచి బీడీల చేట ముందు భార్య కూర్చొనే గంటలు పెరుగుతాయి. వంట, పిల్లలు, అత్తమామల సేవ తగ్గవు. ఆమె మెడ నొప్పి, నడుము నొప్పి, తంబాకు దుమ్ముతో వచ్చే దగ్గు, రక్తహీనత, ఇవన్నీ ఆమె భర్త ఉద్యోగం పోవడం వల్ల వచ్చిన జబ్బులే. ఏ లెక్కలోనూ వీటిని అలా రాయరు. ఒకరి ఉద్యోగం పోతే ఇద్దరు రోగులవుతారు. ఇద్దరిలో ఆమెకు ధైర్యం చెప్పేవారు కూడా ఉండరు.

ఏమి చేయాలి?

ముందుగా పని పోయినవారితో మాట్లాడతాను. మీకు వచ్చిన దడ, నిద్రలేమి, చిరాకు మీ బలహీనత కాదు, దెబ్బ తగిలిన శరీరం చూపే లక్షణాలు. నిద్ర లేచే వేళ, తినే వేళ మార్చకండి. రోజుకు ఒకసారి ఇంటి బయట ఒక మనిషిని కలవండి, పని అడగడానికి కాకపోయినా సరే. బీపీ, షుగరు, ఫిట్స్, థైరాయిడ్ మాత్రలను ఒక్కరోజు కూడా ఆపకండి. కొనలేకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి ఆ మాట నిస్సంకోచంగా చెప్పండి. వైద్యునితో "గ్యాస్" అని చెప్పినా, దానితో పాటు "పని పోయింది" అన్న రెండు మాటలు చేర్చండి. నిద్రమాత్రలను మందుల దుకాణంలో అడిగి కొనుక్కోవద్దు. అప్పుల సంగతి భార్యకు దాచవద్దు. దాచిన అప్పు బయటి అప్పుకంటే ఎక్కువ భయపెడుతుంది.

మీ జీతం నుంచి ఈఎస్ఐ కోత ఉండి ఉంటే ఒక విషయం తెలుసుకోండి. అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అనే పథకం 2018 జూలై 1 నుంచి ఉంది. ఉద్యోగం పోయిన బీమాదారుకు గరిష్ఠంగా 90 రోజులు నిరుద్యోగ భృతి ఇవ్వడం దాని ఉద్దేశం. 2020లో ఆ భృతిని సగటు రోజు వేతనంలో 25 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. షరతులు, గడువులు మారుతుంటాయి గనుక ఈఎస్ఐ శాఖా కార్యాలయంలో అడగండి. పని తీసివేసే యజమాని ఈ సంగతి చెప్పి పంపడం కనీస ధర్మం. చెప్పేవారు ఎంతమంది?

కుటుంబ సభ్యులకు ఒక మాట. "నేను మీకు బరువైపోయిన" అనడం, ఉన్నట్టుండి లెక్కలన్నీ తేల్చడం, ఇష్టమైన వస్తువులను ఇచ్చివేయడం, ఎన్నాళ్ళో కలతగా ఉన్నవాడు హఠాత్తుగా ప్రశాంతంగా మారడం, ఇవి ప్రమాద సూచనలు. "బతకాలని అనిపిస్తలేదా?" అని సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగినప్పుడు మనసు తేలికపడినవారే ఎక్కువ. సమాధానం అవునని వస్తే ఒంటరిగా వదలవద్దు, ఆసుపత్రికి తీసుకురండి. పురుగుమందు డబ్బాలను ఇంట్లో ఉంచవద్దు. 14416 టెలీ మానస్ నంబరు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ఈ ప్రభుత్వ సేవ ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఎవరైనా ప్రాణం తీసుకోబోతే పోలీసు కేసు అవుతుందన్న భయంతో చికిత్స ఆలస్యం చేయకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అటువంటి వ్యక్తిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా పరిగణించాలని, శిక్షించరాదని చెబుతుంది.

ఇక అధికారులకు, నా వృత్తి సోదరులకు. కామారెడ్డిలో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ఎల్లారెడ్డిలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. పల్లెల్లో ఆశా కార్యకర్తలు ఉన్నారు. నేను అడిగేదానికి కొత్త భవనం అక్కరలేదు. ఓపీ చీటీలో "గత ఆరు నెలలలో పని పోయిందా?" అన్న ఒక్క వరుస చేర్చండి. అవునన్నవారికి బీపీ, షుగరు చూడండి, నిద్ర గురించి, తాగుడు గురించి అడగండి, నెలకు మళ్ళీ రమ్మనండి. ఏ సంస్థ అయినా పెద్ద సంఖ్యలో పనివారిని తొలగించినప్పుడు కార్మిక శాఖ ఆ సమాచారాన్ని జిల్లా వైద్య ఆరోగ్య శాఖకు పంపాలి. తరువాతి ఏడాది పాటు ఆ కుటుంబాలకు ఆరోగ్య శిబిరాలు జరగాలి. వరదలు వచ్చినప్పుడు చేస్తున్నాము, ఇప్పుడు చేయలేకపోవడానికి కారణం లేదు. మనిషి పోయిన తరువాత పరిహారం ప్రకటించే ప్రభుత్వం, మనిషి ఉండగానే ఒక ప్రశ్న అడగడానికి వెనుకాడరాదు.

పాఠకులారా, మీ వీధిలోనో మీ బంధువర్గంలోనో ఈ మధ్య పని పోయినవారు తప్పక ఉంటారు. ఈ వారంలో వారి ఇంటికి వెళ్ళండి. ధైర్యం చెప్పకండి. "మందులు వేసుకుంటున్నవా?" అని అడగండి, "రాత్రి నిద్ర పట్టిందా?" అని అడగండి. తరువాత బీపీ చూపించడానికి మీ బండి మీద వెంటబెట్టుకొని ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.